తన పాట తానే పాడుకున్న తాత

మంచు మీద నడుస్తున్నాననుకుంటున్న మారెత్ కాళ్ల కింద మంచు కాస్తా బడి హాలు చెక్కనేల అయిపోతుంది, గోడలుండాల్సిన చోట రెయిన్‌డీర్ల మంద నిలబడి ఉంటుంది, మధ్యలో బెంచీ మీద నీల్లాస్ తాత కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటూ కనిపిస్తాడు. తాత పోయి చాలా ఏళ్లయింది. ఆ సంగతి గుర్తుంది కాబట్టే మారెత్ దగ్గరికి వెళ్లదు.

"తెల్లారితే ఫిబ్రవరి ఆరు, మన సామీల పండగ. ఏం పాడతావే?" అంటాడు తాత.

"అందరితో కలిసి జాతీయ గీతం. ఆ తర్వాత ఒక్కదాన్నే నీ యోయిక్ పాడాలి. నాకు సగమే వచ్చు, తాతయ్యా."

యోయిక్ అనే ఆ మాటల్లేని రాగం మనిషి మీద కట్టిన పాట కాదు, అదే ఆ మనిషి అంటారు ఉత్తర ధ్రువం దగ్గర రెయిన్‌డీర్లను మేపుకునే సామీలు. పాడేవాళ్లున్నంత కాలం ఆ మనిషి పోయినట్టు కాదు. అమ్మకు చర్చి పట్టింపు ఎక్కువ, యోయిక్ పాపమంటుంది, తాత పోయాక ఇంట్లో ఎవరూ దాన్ని ఎత్తలేదు. మిగతా సగం దొరక్కపోతే తాత నిజంగానే పోతాడని మారెత్ బెంగ.

"ఓస్, అంతేనా, విను" అని తాత గొంతు సవరించుకుని తన యోయిక్ తానే ఎత్తుకుంటాడు.

మారెత్ ఒక అడుగు వెనక్కి వేస్తుంది. ఎవరి యోయిక్ వాళ్లే పాడుకోవడమంటే సొంత డబ్బా కొట్టుకోవడం. తాత చచ్చినా ఆ పని చేసే మనిషి కాదు.

"నువ్వు మా తాతవి కాదు. ఎవరు నువ్వు?"

"నీ అనుమానం పాడుగాను! మీరెవరూ పాడకపోతే నేనేం చెయ్యను? ఎన్నాళ్లని నోరు మూసుకుని కూర్చోను?"

కోపం అచ్చం తాతదే, కానీ నెత్తిమీది టోపీ ఇంకెవరిదో. నమ్మబుద్ధి కాక మారెత్ చెవులు మూసుకుంటుంది, అయినా రాగం వేళ్ల సందుల్లోంచి దూరి, ఒకచోట పైపైకి లేచి, మెట్టు చూసుకోకుండా కాలేసినట్టు చటుక్కున కిందికి జారుతుంది.

మెలకువ వచ్చేసరికి వంటింట్లో దీపం వెలుగుతోంది. అమ్మ అటు తిరిగి, కూతురి పండగ బట్టలు ఇస్త్రీ చేస్తూ కూనిరాగం తీస్తోంది. రాగం పైపైకి లేచింది, చటుక్కున జారింది. మారెత్ అడుగుల చప్పుడుకు ఆగిపోయింది.

"ఏంటమ్మా అది?"

"రేడియోలే" అంది అమ్మ, తల తిప్పకుండా.

రేడియో వైరు ప్లగ్గులో పెట్టి లేదు. మారెత్‌కు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కొంచెం పెద్దగా పెట్టమ్మా. ఇవాళ నేను పాడాలి."