పిచ్చుక ఆగిన చోటు

నేను ఒక ఎఫ్‌పీజీఏ బోర్డుని. పేరు నోరు తిరగకపోతే మీ తప్పేం కాదు, నన్ను మొదట కొన్న కాలేజీ ప్రిన్సిపాల్‌కీ తిరగలేదు. అరచేతిలో పట్టే ఆకుపచ్చ పలకని. మధ్యలో ఉన్న నల్లటి చిప్పు నిండా వేలకొద్దీ ఖాళీ గళ్ళు. కంప్యూటర్ నుంచి ఏ నమూనా పంపితే ఆ రకం కంప్యూటర్ మెదడుని, అంటే ఆ ప్రాసెసర్‌నైపోతాను. కరెంటు తీసేస్తే గళ్ళలోది మర్చిపోతాను. మనుషుల్ని మాత్రం మర్చిపోను.

ఆ కాలేజీ నన్ను మూడేళ్ళు అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసింది. తనిఖీవాళ్ళు వచ్చినప్పుడు మాత్రం దుమ్ము తుడిచేవారు. తర్వాత పాత సామానుతో కలిపి అమ్మేస్తే, విశాఖపట్నంలో సువర్చల చేతికొచ్చాను. పగలు టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం, సాయంత్రం ప్రాసెసర్లు తయారుచెయ్యడం ఆవిడ సరదా. నాలుగేళ్ళు కూర్చుని, ప్రోగ్రాము రాసినట్టే వరుసలు వరుసలుగా, సొంతంగా ఒకదాని నమూనా రాసుకుంది. దాని పేరు పిచ్చుక. ప్రతి వరుస పక్కనా అదేం చెయ్యాలో తెలుగులో రాసిపెట్టుకుంది.

ఇలాంటి సరదా ఉన్నవాళ్ళు లోకమంతా ఉన్నారు. రాసిన ప్రాసెసర్‌ని ఎవరికైనా ఊరికే ఇచ్చేస్తారు. ఎవరిది గొప్పదన్న మాట దగ్గర మాత్రం అంగుళం వదలరు. వీళ్ళ సభ విశాఖలో జరుగుతుందనగానే, ఊరికే దొరికే మూడింటినీ తన పిచ్చుకనీ పోల్చి పట్టిక చూపిస్తానని సువర్చల మాటిచ్చింది. ఒకే బోర్డు, ఒకే వేగం, ఒకే పరీక్ష అని షరతు కూడా తనే పెట్టింది.

వారం రోజులు నాలుగు వేషాలు కట్టాను. మొదటిది నా గళ్ళన్నీ ఆక్రమించి పరుగెత్తింది. రెండోది సగం చాలంది. మూడోది ఓ మూల సర్దుకుని బుద్ధిగా పనిచేసింది. ఎంత గొప్ప ప్రాసెసరైనా రాగానే నాతో చేయించే పని ఒకటే, అంచున ఉన్న చిన్న లైటు వెలిగించి ఆర్పడం. దానికే వీళ్ళు చప్పట్లు కొట్టేస్తారు. పరీక్షలో పిచ్చుక అన్నిటికన్నా వెనకబడి ఆఖరి స్థానంలో వచ్చింది.

సువర్చల ముఖం మాడిపోయింది. కాసేపటికి పిచ్చుక ఒక్కదానికే నా గుండె వేగం పెంచింది. ఆ గుండె చప్పుడునే వీళ్ళు క్లాక్ అంటారు, ఒక్కో చప్పుడూ ఒక్కో క్లాక్. వేడెక్కిపోయాను గానీ రెండో స్థానం తెచ్చిపెట్టాను. పట్టికలో ఆ అంకె వేసుకుని చూసుకుంది. లేచి వెళ్ళి టీ పెట్టుకొచ్చి మళ్ళీ చూసుకుంది. టీ చల్లారిపోయింది. చివరికి అది కొట్టేసి నాలుగు అని వేసింది. ఆ క్షణాన ఆవిడ మీద నాకు ప్రేమ పుట్టింది.

సభలో "నాది ఆఖరుదండీ, ఎందుకో నాకే తెలీలేదు" అని చెప్పి కూర్చుంది. అంతా మొదటి స్థానం గురించి కొట్టుకుంటూంటే, పార్వతీపురం వైపు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే తవిటినాయుడు మాస్టారు వెనక నుంచి లేచారు.

"మేడమ్, మాకు పిచ్చుక కావాలండి. తెలుగులో రాసున్నది అదొక్కటే. మా పిల్లలు చదువుకుంటారు."

"అన్నిటికన్నా మెల్లగా నడుస్తుందండీ అది."

"మా పిల్లలూ అంతేనండి. నెమ్మదిగానే ఎక్కుద్ది."

సువర్చల పిచ్చుకతో పాటు నన్నూ ఇచ్చేసింది. మళ్ళీ బీరువానే అనుకుని దిగులుపడ్డాను. కానీ మాస్టారు నన్ను బల్లమీద పెట్టి, పిచ్చుకని వరుస వరుసా పైకి చదువుతూ పాఠం చెప్పారు. పన్నెండో రోజున ఒక వరుస దగ్గర ఆగిపోయి, మళ్ళీ చదివి, క్లాసులోంచే ఫోన్ చేశారు.

"మేడమ్, మెమరీ జవాబు కోసం ఒక్క క్లాక్ ఆగాలని పక్కన రాసేరు. లోపలేమో రెండు ఆగిస్తన్నారేటండి?"

ఆ వరుసని ఆవిడ వెయ్యిసార్లు చూసుంటుంది. చూసిన ప్రతిసారీ తను రాయాలనుకున్నదే చదువుకుంది. నాకు మాత్రం మొదటి రోజు నుంచీ తెలుసు, సెకనుకి లక్షలసార్లు అక్కడ పనిలేకుండా నిలబడింది నేనే కదా. నన్నడిగితే చెప్పేదాన్ని.

సాయంత్రానికి దిద్దిన పిచ్చుక వచ్చింది. అందరితో సమానమైన క్లాక్‌తోనే రెండో స్థానం. పట్టిక కింద సువర్చల ఒక వరుస చేర్చింది: "తప్పు పట్టింది తవిటినాయుడు మాస్టారి క్లాసు." నా పని ఇప్పటికీ లైటు వెలిగించి ఆర్పడమే. కాకపోతే మునుపటికన్నా చురుగ్గా ఆర్పుతున్నాను. అది చూసి క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఈసారి నాకూ కొట్టాలనిపించింది గానీ, చేతులేవీ?