వెళ్ళిపోయే మనిషి

గట్టు మీద ఆయన మళ్ళీ ఆగాడు. ఆయన భుజం మీది కెమెరా సంచీని ఆమె తన భుజానికి తగిలించుకుంది. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. చెప్పులకు బురద పట్టి అడుగులు బరువయ్యాయి.

చెరువు ఒడ్డున రెల్లు పక్కన మట్టిరంగు గుడారం. ఇద్దరూ అందులోకి వెళ్ళాలి, ఒక్కరే బయటికి రావాలి. నీటికోళ్ళకు లెక్కలు రావు. ఎవరో వచ్చారు, ఎవరో పోయారు, ఇక భయం లేదనుకుని బయటికొస్తాయి. అలా వెళ్ళిపోవడమే ఆమె పని. పెళ్ళయిన కొత్తలో సరదాగా మొదలైంది, మోకాళ్ళు అరిగేదాకా వచ్చింది.

స్టూడియోలో ఆయన తీసేవి గుర్తింపు కార్డులకు మొహాలు. ఈ నీటికోళ్ళ ఫొటోలు మాత్రం క్యాలెండరు వాళ్ళకు. పిల్లలకు మేత పెట్టే పక్షి వాళ్ళకు అక్కర్లేదు. రెక్కలు విప్పి, కాళ్ళెత్తి, ఒకదాన్నొకటి నీళ్ళలోకి తొక్కేసే పక్షులు కావాలి. ఆ బొమ్మలను ఆమె గోడ మీదే చూసింది. అసలు కొట్లాట మొదలయ్యే వేళకు ఆమె కుట్టుషాపులో కాజాలు కుడుతూ ఉంటుంది. "కొట్లాటే కావాలంటే వాళ్ళని మనింటికి రమ్మనలేకపోయారా?" అని ఒకసారి అంది. ఆయన నవ్వాడు గానీ, నిజానికి ఆ ఇంట్లో పోట్లాడుకునే ఓపిక ఎవరికీ మిగల్లేదు.

గుడారంలో ఆయన స్టూలు మీద కూలబడి ఛాతీ రుద్దుకున్నాడు.

"డాక్టరుకి చూపించుకుందాం, పదండి."

"ఇవాళ్టితో సరి. ఇదొక్కటి దొరికితే ఇక రానని వాళ్ళకి చెప్పేశాగా."

"అయితే ఇవాళ నేనూ ఉంటాను. ఒక్కసారన్నా చూడాలని ఉందండీ."

"నువ్వుంటే వెళ్ళేదెవరు?" అన్నాడు. ఆమె మొహం చూసి మెత్తబడ్డాడు. "సాయంత్రం పెందలాడే రా. నా పని అయిపోతుంది. ఎంతసేపైనా కూర్చుందువుగాని."

ఆమె ఫ్లాస్కు ఆయన కాళ్ళ దగ్గర పెట్టి, పక్షులకు బాగా కనబడేలా గట్టు మీద నిటారుగా నడిచి వెళ్ళింది.

ఆ రోజు పని మీద మనసు నిలవలేదు. తలనొప్పని యజమానురాలికి చెప్పి, ఎండ తగ్గకముందే తిరిగొచ్చింది.

ఆయన కెమెరాకు నుదురు ఆనించి ఉన్నాడు. "ఏమండీ," అంటూ చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. ఆయనకు కావలసిన కొట్లాట దొరికిందో లేదో తెలియదు. కెమెరాలో చూడటం ఆమెకు రాదు.

ఆయన పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. ఆమె రావడం చూసి రెల్లులో దాక్కున్న పక్షులు చాలాసేపటికి గానీ బయటికి రాలేదు. ఒకటి మెడ చాచి నీళ్ళ మీద దూసుకొచ్చింది. రెండోది వెనక్కి వాలి రెండు కాళ్ళతో దాని రొమ్ము మీద తన్నింది. రెక్కలు నీళ్ళను బాదాయి, తుంపర్లు గుడారం దాకా లేచాయి. అంతలోనే అయిపోయింది. ఓడింది పక్కకు జరుగుతుంటే, గెలిచింది కూడా అలసిపోయినట్టే కనిపించింది.

"చూశానండీ," అంది ఆమె. అప్పుడు ఏడుపు ముంచుకొచ్చింది.

మనుషులను పిలుచుకు రావాలి. లేచి, అలవాటు కొద్దీ గట్టు మీద నిటారుగా నడిచింది. వెనక నీటికోళ్ళు ధైర్యంగా అరుస్తున్నాయి. ఇన్నేళ్ళూ ఆమె వాటిని మోసం చేసింది. ఈసారి మోసమేమీ లేదు, గుడారంలో ఎవరూ లేరు.

స్టూలు కాళ్ళ దగ్గర, మూత తీయని ఫ్లాస్కులో పొద్దుటి టీ ఇంకా వెచ్చగానే ఉంది.