ఓడకు ముందు నడిచిన మనిషి

వేలాడుతున్న టీవీ కేబులును గడ కొక్కేనికి తగిలించుకుని గంగాధరం రెండు చేతులా పైకెత్తాడు. ఓడ మీద నిలబడిన వాళ్లు తమ గడలతో దాన్ని అందుకుని, మూడో అంతస్తు కప్పు మీదుగా వెనక్కి జరుపుకుంటూ పోయారు. కింద తొంభై ఆరు చక్రాల ట్రైలరు మనిషి నడకకన్నా నెమ్మదిగా కదిలింది. కేబులు ఓడ వెనక కొస దాటాక ఎవరో ఈల వేశారు. గంగాధరం గడను భుజాన పెట్టుకుని, మెడ వెనక్కి వాల్చి, తర్వాతి వైరు కోసం ఆకాశాన్ని వెతుకుతూ ముందుకు నడిచాడు.

ఆ ఉదయం అది పదకొండో వైరు.

ఓడను ఏర్పేడు దగ్గర ఒక కర్మాగారంలో కట్టారు. వంతెనలకు ఇనుప దూలాలు చేసే కర్మాగారం అది. చుట్టుపక్కల చెరువుల్లో కూడా నీళ్లు నిలవని చోట రెండేళ్లపాటు తెల్లటి విహార నౌక ఒకటి మెల్లగా పైకి లేచింది. నూట యాభై మంది ఎక్కవచ్చు. పైన నాట్యం చేసుకోవడానికి చెక్క నేల కూడా ఉంది. దాన్ని నీటిలోకి దించాలంటే వంద కిలోమీటర్లు రోడ్డు మీద మోసుకుపోవాలి. నాయుడుపేట మీదుగా గూడూరు చేరేసరికి ఆరు రోజులు పట్టింది. ఇది ఏడో రోజు. సాయంత్రం నాలుగూ ఇరవైకి పున్నమి పోటు. ఆలోగా రేవు చేరకపోతే అంత నీరు మళ్లీ పదిహేను రోజులకు గాని రాదు. కర్మాగారం ఇంజనీరు యోగానంద ఆ సమయాన్ని అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాడు. చెమటకు చెరిగిపోయినప్పుడల్లా మళ్లీ దిద్దుకున్నాడు.

గంగాధరానికి యాభై నాలుగేళ్లు. బంగారుపాళ్యం పక్క పల్లె. పొట్టి మనిషి. గొంతు కింది చర్మం ఎండకు కమిలి నల్లబడింది. ఎప్పుడూ పైకి చూసేవాడికే అక్కడ ఎండ తగులుతుంది. లారీల మీద పోయే గాలిమరల రెక్కలకు ముందు నడిచాడు, చక్కెర ఫ్యాక్టరీ బాయిలర్లకు ముందు నడిచాడు. చిత్తూరు నుంచి చెన్నై దాకా ఏ ఊళ్లో ఏ వైరు ఎంత కిందికి దిగి ఉంటుందో చెప్పగలడు. ఆ ఊళ్లలో ఏ అంగడి ఎక్కడుందో చెప్పలేడు. పెళ్లిళ్లకు పోయినప్పుడు భార్య ఆనందమ్మ చొక్కా పట్టుకుని లాగేది. "పైనేముండాది? ఈడ మనుషులుండారు, సూడు," అనేది. అతను నవ్వి రెండు నిమిషాలు మనుషుల్ని చూసేవాడు.

గడ పట్టకముందు కరెంటు స్తంభాలు నాటే పనిలో ఉన్నాడు. అప్పుడు చిన్నబ్బ అని జోడీ ఉండేవాడు. ఒకే కంచంలో తినేవాళ్లు. ఒకరోజు మేస్త్రీ వచ్చి, "లైను తీసేసినారంట, ఎక్కండి," అన్నాడు. చిన్నబ్బ ఎక్కాడు. గంగాధరం కింద తాడు పట్టుకుని ఉన్నాడు. తీగలో కరెంటు పోలేదు. ఇరవై ఆరేళ్లయింది. ఆ తర్వాత అతను 'అంట' అనే మాటను నమ్మడం మానేశాడు.

రెండు గంటలకు ఒక ఊరి మొదట్లో రోడ్డుకు అడ్డంగా పెద్ద లైను వచ్చింది. మూడు తీగలు. ఇలాంటివాటిని కరెంటు తీయించాకే ముట్టుకోవాలి. వెంట వచ్చిన లైన్‌మన్ ఫోను చెవి నుంచి తీసి, "లైను తీసేసినారంట సార్," అన్నాడు.

యోగానంద చెయ్యి ఊపాడు. ట్రైలరు కదిలింది. ఓడ మీద ఆరుగురు గడలు సిద్ధం చేసుకున్నారు.

గంగాధరం వెనక్కి తిరిగి రోడ్డు మధ్యలో నిలబడ్డాడు. గడను అడ్డంగా పట్టుకున్నాడు.

"ఆపు జయరావూ."

డ్రైవరు జయరావు పదకొండేళ్లుగా అతని వెనక బండి తోలుతున్నాడు. ఎందుకని అడగకుండా బ్రేకు తొక్కాడు.

"ఏమైంది?" అంటూ యోగానంద పరుగెత్తుకొచ్చాడు.

గంగాధరం ఎడమ పక్కన నిమ్మతోట వైపు చూపించాడు. చెట్ల మధ్య లావుపాటి గొట్టం నుంచి నీళ్లు తెల్లగా పడుతున్నాయి. "మోటారు ఆడతా ఉండాది సార్. ఈ లైనుకే అనుకుంటా."

"డీజిలుదై ఉంటుంది."

"డీజిలైతే ఈడికి ఇనపడతాది."

"సోలారేమో! లైన్‌మన్ చెప్పాడు కదా?"

"ఆయప్ప సూసి సెప్పలేదు సార్. ఇనిసెప్పినాడు. నేను పోయి సూసొస్తా."

"టైమెంతయిందో తెలుసా నీకు?"

"తెలీదు సార్," అని గంగాధరం గడను రోడ్డు వారన పెట్టి, ముళ్లకంచె దాటి తోటలోకి పోయాడు.

ఎండ నిలువునా కాస్తోంది. అతను పోవడమూ, చెట్ల కింద కాయలు ఏరుతున్న ఒకామెతో మాట్లాడడమూ, మోటారు గది దాకా వెళ్లి తొంగి చూడడమూ అందరికీ కనిపించింది. వచ్చేటప్పుడు పరుగెత్తాడు. రోడ్డెక్కాక కాసేపు అరచేతిని రొమ్ముకు అదిమి పెట్టుకుని నిలబడ్డాడు.

"పొద్దున్నించీ కరెంటు పోనేలేదంట సార్, ఆయమ్మ సెప్పింది. అంట అని వదిలెయ్యలా. లోపల లైటు ఎలగతా ఉండాది, సూసినా. తీగ ఈ స్తంభం మింద నుంచే పోయింది."

లైన్‌మన్ మళ్లీ ఫోను చేశాడు. అవతలివాళ్లు ఏదో వెతుకుతున్నారు. అతను ఊ, ఊ అంటున్నాడు. తర్వాత ఊ అనడం కూడా మానేశాడు. ఫోను దించి యోగానంద వైపు తిరిగాడు.

"వేరే లైను తీసినారు సార్," అన్నాడు. "పక్కది."

తీగకూ ఓడ ఇనుప కటకటాలకూ మధ్య రెండు మూరల ఎడం కూడా లేదు. ఆరుగురిలో అందరికన్నా ముందు నిలబడినవాడు బండి ఇక కదులుతుందని, తీగను అందుకోవడానికి అప్పటికే గడ పట్టిన చెయ్యి చాపి ఉన్నాడు. వాళ్లందరూ కూర్చున్నాక కూడా అతను ఆ చెయ్యిని దించలేకపోయాడు. పక్కవాడు దాన్ని పట్టుకుని కిందికి దించాడు.

కొంతసేపటికి తోటలో నీటి ధార సన్నబడి, చుక్కలై, ఆగిపోయింది.

యోగానంద వచ్చి గంగాధరం చెయ్యి పట్టుకున్నాడు. ఆ ఇంజనీరుకు ముప్పై ఏళ్లు కూడా ఉండవు.

"పదండి సార్," అన్నాడు గంగాధరం. "పోటు తప్పిపోతాది."

మిగిలిన దూరంలో నాలుగు వైర్లు. నాలుగూ అతనే ఎత్తాడు. చివరిది ఎత్తేటప్పుడు గడను ఒకసారి దించి మళ్లీ ఎత్తడం జయరావు బండి ముందు అద్దంలోంచి చూశాడు. అందరూ అలిసిపోయే ఉన్నారు. అందుకని దాన్ని ప్రత్యేకంగా పట్టించుకోలేదు.

నాలుగు దాటి పది నిమిషాలకు ఓడ రేవు చేరింది. ట్రైలరును వెనక్కి తిప్పి వాలుగట్టు మీదికి దించారు. గంగాధరం పని అక్కడికి అయిపోయింది. అతను చుట్టూ పైకి చూశాడు.

"ఈడ ఒక్క వైరు గూడా లేదే," అన్నాడు జయరావుతో.

"సముద్రం మీద వైర్లెందుకుంటాయన్నా? పోయి నీడన కూచో. టీ తెస్తా."

గట్టు మీద సరుగుడు చెట్ల వరుస ఉంది. అతను అటు పోయాడు.

నీళ్లు ట్రైలరు చక్రాలను ముంచాయి, తర్వాత ఓడ అడుగును తాకాయి. ఏడు రోజులుగా బరువుగా ఉన్నది ఒక్కసారి తేలికై, చిన్నగా ఒరిగి, నిలబడింది. జనం కేకలు వేశారు. ఓడ సైరను మోగింది. యోగానంద ఓడ మీద నుంచి, "గంగాధరాన్ని పిలవండి, ఆయన ముందు ఎక్కాలి," అని అరిచాడు.

జయరావు రెండు టీ గ్లాసులతో చెట్ల కిందికి వెళ్లాడు. గంగాధరం చెట్టు మొదటికి ఆనుకుని కూర్చున్నాడు. ఎప్పటిలాగే మెడ వెనక్కి వాలి ఉంది. కళ్లు తెరిచి పైకి చూస్తున్నాడు. ఏముందోనని జయరావు కూడా పైకి చూశాడు. కొమ్మల సందున ఉత్త ఆకాశం ఉంది.

"ఏముందన్నా పైన?" అని అడిగాడు.

రెండోసారి కూడా అడిగాడు. అప్పుడు చేతిలోని టీ తన కాళ్ల మీదే ఒలికిపోయింది. కాలింది కూడా అతనికి తెలియలేదు.

రేవు డాక్టరు వచ్చి నాడి చూసి, గుండె అన్నాడు. అరగంట అయి ఉంటుందన్నాడు.

ఆనందమ్మకు జయరావే ఫోను చేయవలసి వచ్చింది. బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఆమె టెంకలు తీస్తోంది. వెనక యంత్రాల చప్పుడు వినిపిస్తోంది. జయరావు "అక్కా" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆమెకు అర్థమైపోయింది.

"కరెంటా?" అంది.

"కాదక్కా. కరెంటు కాదు."

"నిజం సెప్పు జయరావూ. కరెంటేనా?"

"కాదక్కా. ఊరికే కూచోనుండాడు. నీడన."

ఆమె ఇన్నేళ్లూ రోజూ ఒక్క దానికే భయపడుతూ వచ్చింది. యంత్రాలు తిరుగుతూనే ఉన్నాయి.

"అయితే ఇంకేంది?" అని అడిగింది చివరికి.

అంబులెన్సు వెళ్లిపోయాక జనం కూడా పలచబడ్డారు. నీళ్లలో ఓడ తన దీపాలు వెలిగించుకుంది. యోగానంద ఒక్కడే సరుగుడు చెట్ల కిందికి వచ్చి నిలబడ్డాడు. ఇసుకలో, చెట్టు మొదట్లో, గంగాధరం విడిచిన రబ్బరు చెప్పులు పక్కపక్కన ఉన్నాయి. మెడ వెనక్కి వాల్చి నడిచిన బరువంతా పడి మడమల దగ్గర అరిగి నేల కనిపిస్తోంది, వేళ్ల దగ్గర మాత్రం కొన్ననాటి గళ్లు అలాగే ఉన్నాయి.