అక్షిత పళ్లెం

బక్కయ్య గొడ్డలి తిరగేసి బ్యాటరీ మూత పగలగొట్టాడు. యాసిడ్ గుంటలోకి వంచి, లోపలి ప్లేట్లు ఊడదీసి కుప్ప వేశాడు. ఆ ఉదయం అది నాలుగోది. రెండు ఆటోలవి, ఒకటి ఇన్వర్టరుది, ఇది ట్రాక్టరుది. కట్టెల మంట మీద ఇనుప మూకుడు కాగుతోంది. ప్లేట్లు అందులో వేసి, ముక్కుకు కండువా చుట్టుకుని గాలివాటు చూసి పక్కకు జరిగాడు. సీసం కరిగింది. పైన తేలిన తెట్టును గరిటెతో తీసి బూడిదలోకి విదిలించాడు. మిగిలినదాన్ని అచ్చుల్లో పోశాడు. చల్లారితే అవి వలకు కట్టే గుండ్లు.

గుండ్ల కోసం ధర్మపురి నుంచి వినోద్ బండి మీద వచ్చాడు. గోదావరిలో చేపలు పడతాడు.

"ఏంది కాకా, కాలువ గట్టుకు అచ్చినవు? ఇల్లు కిరాయికిచ్చినవా?"

"మా మనవరాలికిచ్చిన" అన్నాడు బక్కయ్య.

వినోద్ నవ్వి, గుండ్లు సంచిలో వేసుకుని వెళ్లాడు.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ కొలిమి కోరుట్లలో అతని ఇంటి వెనకే ఉండేది. ఇక్కడికి మార్చి తొమ్మిది రోజులైంది. మనవరాలు అక్షితకు ఏడేళ్లు. మూడు నెలలుగా కడుపునొప్పి అంటోంది. నిరుడు చదివిన అక్షరాలు ఇప్పుడు గుర్తుపట్టడం లేదు. కరీంనగర్‌లో రక్తం పరీక్ష చేయించారు. సీసం అసలు ఉండకూడదన్నాడు డాక్టరు. అక్షితకు నలభై ఒకటి ఉంది. బక్కయ్య కూతురు, అక్షిత తల్లి ఉమారాణి ఆ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని, బస్టాండులో ఒక్క మాటే చెప్పింది.

"ఇంట్ల సీసం ఉంటే పిల్ల ఈడ ఉండది బాపు. అవతలి ఆదివారం అచ్చి చూస్త. ఉన్నదా, తీస్కపోత."

ఉమారాణి సిరిసిల్లలో బట్టలు కుట్టే షెడ్డులో పని చేస్తుంది. ఆమె భర్త మగ్గాలు నడుపుతాడు. రెండేళ్ల క్రితం తల్లి ముత్తమ్మ పోయినప్పుడు, బాపు ఒక్కడే అవుతాడని పిల్లను ఇక్కడ బడిలో వేసింది. అప్పటి నుంచి ఇంట్లో మాట్లాడే మనిషి అక్షిత ఒక్కతే.

ఈ రోజు ఆదివారం.

బక్కయ్య మంట ఆర్పాడు. కాలువలో తల రుద్దుకుని స్నానం చేశాడు. పని బట్టలు అక్కడే చెట్టుకు కట్టి, ఉతికిన బట్టలు వేసుకున్నాడు. ఇవన్నీ డాక్టరు చెప్పినవే. తర్వాత చల్లారిన బూడిదను డబ్బాలోకి ఎత్తి, మూత పెట్టి సైకిలుకు తగిలించాడు.

ఇంటి వెనక పాత కొలిమి చోట అప్పటికే జానెడు మన్ను తవ్వి పారబోశాడు. కొత్త మట్టి పోసి అలికాడు. గోడలకు సున్నం వేశాడు. ఇల్లు చేరేసరికి అక్షిత గడప మీద కూర్చుని ఉంది.

"తాతా, అమ్మ అస్తే ఏం చెప్పాలె?"

"కడుపు నొస్తలేదని చెప్పు."

"నొస్తుందిగా."

బక్కయ్య పళ్లెం తెచ్చాడు. అన్నం, పప్పు పెట్టాడు. పిల్ల నాలుగు ముద్దలు తిని పళ్లెం జరిపింది.

ఉమారాణి మూడింటికి వచ్చింది. చెప్పులు విడవకుండానే ఇంటి వెనక్కి వెళ్లింది. అలికిన నేల చూసింది. వంగి, వేలితో గోడ రుద్ది చూసుకుంది. వేలికి సున్నం అంటింది.

"నువ్వే చేసినవా గిదంతా?"

"మరి నీ అత్తగారొచ్చి చేసిందా?"

ఆమె నవ్వింది. కూతురి తల మీద చెయ్యి పెట్టింది. "ఎండకాలం దాంక చూద్దాంలే" అంది. బక్కయ్యకు ఊపిరి తేలికైంది. చాయ్ పెడతానన్నాడు. ముందు గిన్నెలు తోముదామని రాతి మీద కూర్చున్నాడు. డబ్బా మూత తీసి, కొబ్బరి పీచు అద్ది, అక్షిత పళ్లెం రుద్దసాగాడు. పళ్లెం మెరిసింది.

"ఏం పౌడరు బాపు? గింత తెల్లగ అయితుంది?"

"పౌడరెందుకు? బూడిదే."

"గ్యాసు మీద వండుతున్నవు. బూడిదెక్కడిది?"

బక్కయ్య చెయ్యి ఆగింది. గ్యాసు వచ్చి ఇంట్లో కట్టెల పొయ్యి పోయిన నాడు, బూడిద కోసం ముత్తమ్మ కొలిమి దగ్గరికి వచ్చింది. దీనంత తళతళ దేనికీ రాదనేది. ఆమె పోయాక అతనూ అదే చేశాడు. రోజూ రెండు పూటలా. పిల్ల పళ్లెమని ఈ తొమ్మిది రోజులూ ఇంకా గట్టిగా రుద్దాడు.

"కొలిమిదా?"

అతను పళ్లెం రాతి మీద పెట్టాడు.

ఉమారాణి అరవలేదు. లోపలికి వెళ్లి పిల్ల బట్టలు సంచిలో సర్దింది. పుస్తకాలు పెట్టింది. వంటగదిలో గ్లాసుకు చెయ్యి చాచి వెనక్కి తీసుకుంది.

"తాత రాడా?" అంది అక్షిత.

"తాతకు పనున్నది బిడ్డా."

"బ్యాటరీలు ఇగ ముట్ట, ఉమా" అన్నాడు బక్కయ్య.

"నీకు తెల్వక చేసినవు. నాకూ తెల్వలే. నేను గూడ గా బూడిదతోని తోమిన తల్లెలనే తిని పెరిగిన." ఆమె సంచి భుజాన వేసుకుంది. "ఐదింటికి బస్సున్నది."

వీధి చివర అక్షిత ఒకసారి వెనక్కి చూసింది. తర్వాత ఆటో అడ్డం వచ్చింది.

బక్కయ్య వెనక్కి వచ్చాడు. డబ్బాకు మూత పెట్టాడు. దాన్ని ఎక్కడ పారబోయాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు. రాతి మీద పళ్లెం ఎండకు మెరుస్తోంది. అంచున స్టీలు దుకాణంలో చుక్కలు చుక్కలుగా కొట్టించిన అక్షిత పేరు ఉంది. ఆ చుక్కల్లో బూడిద ఇంకా తడిగానే ఉంది.