అడగని తాళం

ముందుగాలనే చెప్తున్న, నాకు నోరు ఎక్కువ. నిజామాబాద్ బస్టాండ్ ఎనుక గల్లీల పన్నెండేండ్ల సంది కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడుపుతున్న. సుట్టూ అందరు మొగోళ్ళ దుకాణాలే, నడుమ నాదొక్కటి. నోరు లేకుంటె నడుస్తదా? "సౌందర్యక్క చేతిల పెడితె ఫికర్ లేదు" అంటరు జనం. గా మాట వినీ వినీ నాకు నెత్తికెక్కింది. ఎక్కినదాన్ని దించుకునుడు ఎట్లనో గీ ఎండాకాలం తెలిసింది. చెప్పుకుంటె సిగ్గు తగ్గుతదేమో అనుకున్న. తగ్గుతలేదు, అయినా చెప్త.

బోధన్‌ల శ్యామలమ్మ టీచర్ ఉన్నది. బడి నుంచి రిటైర్ అయినంక, మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ దిక్కు పోయే తొవ్వల రెండర్రల ఇల్లు కిరాయికి తీసుకొని ఆడోళ్ళ కోసం ఒక కేంద్రం పెట్టింది. మొగడు కొడితె బైటికొచ్చినోళ్ళు, చెరుకు కొట్ట వచ్చి మేస్త్రీల చేతిల చిక్కినోళ్ళు ఆమె తాన్కి వస్తరు. ఎవ్వలు ఏం చెప్పిన్రు, ఇప్పుడు ఎక్కడ ఉంటున్నరు, పిల్లలు ఏ బడికి పోతున్నరు, గదంత కంప్యూటర్ల రాసి పెడ్తది. బైటికి పొక్కితె పానం మీదికొచ్చే రాతలు. "సౌందర్యా, దొంగలు డబ్బా మొత్తం ఎత్కపోయినా ఒక్క అక్షరం చదవరాకుండ చెయ్యి" అన్నది నాతోని.

చేసిన. డిస్క్‌కు తాళం ఏసిన. పాస్‌వర్డ్ కొడితేనే రాతలు కనవడ్తయి, లేకుంటె అన్నీ పిచ్చి గీతలే. తాళం సంగతి మొత్తం డిస్క్ మొదట్ల చిన్న జాగల ఉంటది. గా జాగ ఖరాబైతె పాస్‌వర్డ్ తెలిసినా ఫాయిదా లేదు. గందుకే దాని నకలు ఒకటి పెన్‌డ్రైవ్‌ల ఎక్కించి, పాస్‌వర్డ్ రాసిన చీటీ దానికే రబ్బర్‌తోని చుట్టి ఇస్త. నా దుకాణం పద్ధతి గది. మనోళ్ళు మర్చిపోతరు గద మరి.

గా ఏడు దసరాకు టీచర్ కంప్యూటర్‌కు పసుపు కుంకుమ పెట్టింది. పనిముట్టే గద అని పెన్‌డ్రైవ్‌కు గూడ పెట్టింది. పూజ చేసినదాన్ని బీరువాల పడెయ్య మనసొప్పక దేవుని పటం ముంగట గూట్ల పెట్టింది, చీటీతోని సహ. గప్పటి సంది గాడనే ఉన్నది.

తర్వాత టైపు కొట్టే పిల్ల పెండ్లయి పోయింది. ఆమెకు పాస్‌వర్డ్ తెలుసు గన్క మార్చిన. గప్పుడు టీచర్ అడిగింది, "మరి గూట్ల ఉన్నది పారేద్దమా?" అని. నేను నవ్విన. "ఉండనియ్యుండ్రి టీచర్. గండ్ల ఉన్నది పాత తాళం, ఎక్కిస్తెనే చీటీ మీది పాస్‌వర్డ్ పని చేస్తది. దాన్ని మళ్ళ డిస్క్ మీదికి ఎక్కించాలంటె కంప్యూటర్ వేరేగ నా సొంత పాస్‌వర్డ్ అడుగుతది. నేను చెప్పకుంటె ఎవ్వడు ఎక్కిస్తడు? దేవుని ముంగటిది తీసుడెందుకు" అన్న. కొత్త నకలు తర్వాత తీసిస్తనని చెప్పి అదీ మర్చిపోయిన.

గా పిల్ల జాగల నా తమ్ముడు అఖిలేష్‌ను పెట్టిచ్చిన. ముప్పయ్యేండ్లున్నయి, ఇద్దరు పిల్లలు, ఏ పనిల కుదురుగ ఉండడు. మీటింగుల కాయిదాలు టైపు చేసుడు వాని పని. ఉత్త లాగిన్ ఇచ్చిన, తాళమేసిన డిస్క్ వానికి తెరుచుకోదు. "నా తమ్ముడు, నాది జిమ్మెదారి" అన్న టీచర్‌తోని. జిమ్మెదారి తీసుకొమ్మని నన్నెవ్వలు అడగలే, నేనే అన్న.

ఎండలు షురూ అయితున్న నెల ఒక మెయిల్ వచ్చింది. డిస్కులను చూసుకునే ప్రోగ్రాంల లోపం బైటపడ్డదట. తాళం నకలు ఎక్కించేటప్పుడు "నువ్వెవ్వలు, నీకు హక్కున్నదా" అని అది అడగాలె. అడుగుతలేదు. ఉత్త లాగిన్ ఉన్నోడు గూడ ఎక్కించొచ్చు. అందరు జల్ది కొత్తది ఏసుకోండ్రి అని రాసిన్రు. గా రోజు ఆయితారం, అఖిలేష్ దుకాణంల కూసున్నడు. వానికి చదివి వినిపించిన. "చూసినవారా, పెద్ద పెద్ద చదువులు చదివినోళ్ళు రాసిన ప్రోగ్రాం. దర్వాజ కాడ కాపలోన్ని పెట్టిన్రు, వాడు పోయేటోన్ని అడుగుడు మర్చిండు" అని నవ్విన. వాడూ నవ్విండు.

నవ్వుకుంటనే నాకు బోధన్ యాదికొచ్చింది. గూట్ల పెన్‌డ్రైవ్ గూడ యాదికొచ్చింది. అబద్ధమాడను, యాదికొచ్చింది. పోయి పది నిమిషాల్ల చేసే పని. రేపు పోత అనుకున్న. రేపు ఎవ్వరో ప్రింటర్ పట్టుకొచ్చిన్రు. ఎల్లుండి ఎండ మస్తున్నదని పోలే. గిట్ల పదిహేను రోజులు గడిచినయి. బోధన్ ముప్పై కిలోమీటర్లు గూడ ఉండదు.

పదహారో రోజు పొద్దుగాల పదింటికి టీచర్ ఫోన్ చేసింది. "సౌందర్యా, పాస్‌వర్డ్ తీసుకుంటలేదు." నేను కసిరిన. క్యాప్స్ లాక్ పడ్డదేమో చూడుండ్రి, నిన్న తెరుచుకున్నది ఇయ్యాల ఎందుకు తెరుచుకోదు, కండ్లద్దాలు పెట్టుకొని కొట్టుండ్రి అన్న. అరవై ఐదేండ్ల మనిషిని. ఆమె నాలుగుసార్లు కొట్టి, "లేదమ్మా, నువ్వు జర రా" అన్నది.

స్కూటీ మీద పోయిన. నేను కొట్టినా తెరుచుకోలే. గూటి దిక్కు చూసిన, పెన్‌డ్రైవ్ గాడనే ఉన్నది. కని చీటీకి రబ్బర్ లేదు. కంప్యూటర్ ముంగట పెన్‌డ్రైవ్ పెట్టే సందుల పసుపు అంటుకొని ఉన్నది. చీటీ మీది పాత పాస్‌వర్డ్ కొట్టిన. డిస్క్ తెరుచుకున్నది.

కంప్యూటర్ లోపల ఎవ్వలు ఏం చేసిన్రో రాసి ఉంటది. తీసి చూసిన. నిన్న మధ్యాహ్నం ఒకటిన్నర, టీచర్ అన్నం తినే టైం. లాగిన్ అఖిలేష్‌ది. తెరిచిన ఫైలు ఒక్కటే, రమ్యది.

రమ్యను నేను కేంద్రంల రెండుసార్లు చూసిన. మొగడు అనిల్‌కుమార్ కుడిచెయ్యి విరగ్గొడితె అది వంకరగనే అతికింది. గా చెయ్యితోనే కుట్టు నేర్చుకొని, ఐదేండ్ల బిడ్డ చిన్నును తీసుకొని వేల్పూర్‌ల దేవవ్వ అనే ఆమె కుట్టు దుకాణంల పనికి కుదిరింది. ఆమె ఏడున్నదో మొగనికి తెలిస్తె ఇగ ఆమె బతుకు ఏమైతదో గా ఫైల్ల మొదటి వరుసల్నే రాసి ఉన్నది.

"ఏమైందమ్మా?" అన్నది టీచర్.

"ఏం లేదు టీచర్. సిస్టం జర అటిటు అయింది. అయిపోయింది" అన్న. గోడ గడియారంల పదకొండు పది.

బైటికొచ్చి అఖిలేష్‌కు ఫోన్ చేసిన. రమ్యకు కాదు, వానికి. గీ ముచ్చట్ల నాకు అన్నిటికన్న సిగ్గయ్యేది గిదే.

"ఎవ్వనికి చెప్పినవ్ రా?"

"అక్కా, లొల్లి చెయ్యకు. అనిల్ నాతోని చదువుకున్నోడు. నా ముంగట కూసోని ఏడ్సిండు. బిడ్డను ఒక్కసారి చూస్త అన్నడు. ఊరి పేరు, దుకాణం పేరు చెప్పిన, గంతే."

"ఆమె చెయ్యి ఎవ్వడు విరగ్గొట్టిండో గండ్ల చదవలేదా?"

"చదివిన. మొగుడు పెండ్లాలన్నంక ఉంటయ్ గద అక్కా. అయినా అడగదని నువ్వే గద చెప్పినవ్."

నోటికొచ్చినట్టు తిట్టిన. తిట్టుకుంటనే లోపల లెక్కలేసుకుంటున్న. టీచర్‌కు తెల్వదు. తాళం మళ్ళ మార్చొచ్చు, ఎవ్వలు తెరిచిన్రో రాసి ఉన్నది తుడిపెయ్యొచ్చు. వాడు ఏడ్సుకుంట "టీచర్‌కు చెప్పకు అక్కా, పోలీసులొస్తె నా పిల్లలు ఏమైతరు" అంటున్నడు. వాని పిల్లల కన్న నా దుకాణం పేరు నాకు ముందుగాల యాదికొచ్చింది. రోడ్డు మీద ఆఖరి చెరుకు ట్రాక్టర్లు పోతున్నయి. వాటిని చూసుకుంట నిలబడ్డ. లోపలికొచ్చి తుడిపేద్దమని కీబోర్డ్ మీద చెయ్యి గూడ పెట్టిన.

టీచర్ గ్లాసుల మజ్జిగ తెచ్చి పక్కకు పెట్టింది. "ఎండల పడి వచ్చినవ్, తాగి చేసుకో" అన్నది. పొద్దుగాల నేను కసిరిన మనిషి. గా గ్లాసు ముట్టుకోను చెయ్యి రాలే. మొత్తం చెప్పిన. తమ్ముని సంగతి, మెయిల్ సంగతి, గిప్పుడు ఆడిన అబద్ధం సంగతి. చెప్పుడు అయ్యేసరికి పదకొండు నలభై.

టీచర్ రమ్యకు ఫోన్ చేసింది, ఎత్తలే. దేవవ్వకు చేసింది. దేవవ్వ గొంతు నాకు గూడ వినవడ్డది. "వచ్చిండు టీచరమ్మా. పావుగంట కింద వచ్చిండు వాడు."

పావుగంట కింద. గప్పుడు నేను ట్రాక్టర్లు చూసుకుంట నిలబడ్డ.

పసుపు ఆరబోస్తున్న ఆడోళ్ళు పది మంది వచ్చి దుకాణం దర్వాజకు అడ్డం నిలబడ్డరట. రమ్య ఎనుక తొవ్వల బడికి ఉరికి, బిడ్డను తీసుకొని పక్కింట్ల దాక్కున్నది. వాడు కుట్టు మిషిన్ ఎత్తి కింద కొట్టి, "మళ్ళ వస్త" అని పోయిండట.

టీచర్ చెప్పులేసుకుంట అన్నది, "నీ తమ్ముని సంగతి పోలీసులకు నేను చెప్త సౌందర్యా. దానికి నీ ఇజాజత్ అడుగుతలేను." నేను తలకాయ ఊపిన. గూట్లది పారేద్దమా అని తను ఆనాడే అడిగిన మాట ఆమె యాది చెయ్యలే. చేస్తె నాకు జర నయమైతుండె.

కిరాయి కారుల వేల్పూర్ పోయినం. రమ్య రెండు సంచులు కట్టుకొని కూసున్నది. చిన్ను మెడల బడి టై ఇంక ఉన్నది. "నేనీడ ఉన్నట్టు ఎట్ల తెల్సింది?" అని రమ్య టీచర్‌ను అడిగింది. టీచర్ నా దిక్కు చూసింది. చెప్పిన. ట్రాక్టర్లు చూసుకుంట నిలబడ్డ సేపు గూడ చెప్పిన. రమ్య అంత విన్నది. తిడ్తదని ఎదురుచూసిన.

"గీ పొల్ల గిప్పుడిప్పుడే నిద్రల ఏడ్సుడు బందు వెట్టింది" అన్నది.

టీచర్ ఎవ్వలకో ఫోన్ చేసింది. తర్వాత రమ్య చెవుల ఏదో ఊరు చెప్పింది. ఈసారి ఏడ గూడ రాయలే. టీచర్ ఠాణాల ఫిర్యాదు రాస్త అని గాడనే ఆగింది, తల్లీబిడ్డలను ఆర్మూర్ బస్టాండ్ల దింపి రమ్మని నన్ను తోలింది. కారుల నేను ఊకోక అన్న, "నా ఇంట్ల ఉండుండ్రి కొన్ని దినాలు, నేను చూసుకుంట." రమ్య బిడ్డ టై ఇప్పుకుంట, "వద్దు" అన్నది.

బస్టాండ్ల సంచులు బెంచీ మీద పెట్టిన. రమ్య నన్ను పిలిచింది. మెల్లగనే అన్నది, "అక్కా, నువ్వు గా గోడ దిక్కు తిర్గి నిలవడు. మేం ఏ బస్సు ఎక్కేది నువ్వు సూడొద్దు."

ఒక్క గడియ నాకు కోపమొచ్చింది. పన్నెండేండ్ల సంది జనం కంప్యూటర్లను ఇంటి తాళాల లెక్క నా చేతిల పెడ్తరు, నన్ను గోడకు నిలవెడ్తవా అని నోటిదాక వచ్చింది. మింగిన. తిరిగి నిలబడ్డ. నా ముక్కు ముంగట సగం చినిగిన కోచింగ్ సెంటర్ పోస్టర్ ఉన్నది.

ఎనుక చిన్ను అడిగింది, "అమ్మా, గీ అక్క తప్పు చేసిందా? మా బడిల గూడ గట్లనే నిలవెడ్తరు."

కండక్టర్ మెట్‌పల్లి, కోరుట్ల అని ఒర్రుతుండు, ఇంకొకడు నిర్మల్ అంటుండు. ఊరి పేర్లు గూడ వినొద్దని రెండు చేతులతోని చెవులు మూసుకున్న. ఎన్ని బస్సులు పోయినయో తెల్వదు. ఎండ గోడ మీదికెల్లి నా కాళ్ళ మీదికి దిగింది. బెంచీ ఖాళీ అయి చానసేపే అయి ఉంటది. అయినా తిరగలే. ఇగ తిరుగు అని ఎవ్వలన్న అంటరేమోనని చూసిన. ఎవ్వలు అనలే.