మనం అంటే ఎవరెవరం

మన భాషలో "మేము" వేరు, "మనం" వేరు. మేము అన్నారంటే వింటున్నవాళ్ళని గుమ్మం బయట నిలబెట్టినట్టు. మనం అన్నారంటే లోపలికి పిలిచి కుర్చీ వేసినట్టు. ఈ ఏర్పాటు చేసిన మహానుభావుడెవరో గాని, ఆయనకి ఒక అక్క ఉండే ఉంటుందని చిన్నది గట్టిగా నమ్ముతుంది.

చిన్నది అంటే వయసుకి కాదు. జుట్టుకి రంగు వేయడం మొదలుపెట్టి, విసుగొచ్చి మానేసి కూడా చాలాకాలమైంది. ఇంట్లో రెండో పిల్ల కాబట్టి ఆ పేరు అలా అతుక్కుపోయింది. పని కళ్ళజోళ్ళ దుకాణంలో. వచ్చినవాళ్ళ ముక్కుకీ చెవులకీ తగ్గట్టు ఫ్రేములు వంచుతుంది, ఊడిన మరలు బిగిస్తుంది. పగలంతా జనానికి చూపు సరిచేసి, సాయంత్రం ఇంటికొచ్చి అక్క పెట్టిన ఫొటోలు చూసి కళ్ళలో నిప్పులు పోసుకుంటుంది.

అక్క స్కూలు బస్సు నడుపుతుంది. బావది టైర్ల షాపు. వాళ్ళకో పాత క్యాంపర్ వ్యాను ఉంది. వెనక మంచం, పక్కన బుల్లి పొయ్యి, పైకప్పు ఎత్తి నిలబెడితే రైల్లోలాగా ఒక పై బెర్తు. ఆకులు రాలే కాలంలో స్కూలుకి సెలవులివ్వడం ఆలస్యం, ఆ వ్యాను వేసుకుని సముద్రం అంచునున్న దీవులకి వెళ్ళిపోతారు. తిరిగొచ్చాక అక్క ఫోను చేస్తుంది.

"మేము నడుచుకుంటూనే దీవికి వెళ్ళిపోయామే, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు. మేము ఆ కొండెక్కి చూస్తే బాతులు గుంపులు గుంపులుగా పోతున్నాయి. మేము అసలు..."

చిన్నది ఊఁ కొడుతూ మేములు లెక్కపెడుతుంది. ఆ మేములో ఉన్నది ఇద్దరే అయితే సర్దుకుపోయేది. మొగుడూ పెళ్ళాలు ఎక్కడికైనా పోతారు, వాళ్ళ ఖర్మ. కానీ ఫొటోల్లో ఇంకొకావిడ ఉంటుంది. మునిసిపాలిటీ కొలనులో పిల్లలకి ఈత నేర్పే టీచరు. అక్క బస్సులో పిల్లల్ని దింపడానికి వెళ్ళి, అక్కడ ఒడ్డున కూర్చుని, ఈవిడతో స్నేహం కలుపుకుంది. అక్క భుజం మీద టీచరు చెయ్యి వేసి ఉన్న ఫొటో ఒకటుంది. చిన్నది దాన్ని పెద్దది చేసి చూసింది. టీచరు కళ్ళజోడు ఎడమవైపు కాస్త వాలి ఉంది. అంతమాత్రం ఓదార్పు దొరికింది.

అక్క పిలవలేదా అంటే పిలిచింది. మొదటి ఏడు పిలిచింది, మరుసటి ఏడూ పిలిచింది. "నాకెక్కడ కుదురుతుందిలే అక్కా" అంది చిన్నది రెండుసార్లూ. ఇంకొక్కసారి బతిమాలితే వెళ్దామని ఆవిడ ఉద్దేశం. అక్కకి బతిమాలే అలవాటు లేదు. బస్సు ఆగుతుంది, ఎక్కినవాళ్ళు ఎక్కుతారు, తలుపు మూసుకుంటుంది. ఆవిడ వృత్తే అంత.

అలాంటి అక్క ఈ ఏడు, సెలవులు దగ్గరపడుతుండగా, ఫోనులో మాటల మధ్య అంది: "ఈసారి మనం చిట్టచివరి దీవి దాకా వెళ్ళాల్సిందే."

మనం.

చిన్నది చేతిలో గరిటె గిన్నెలోకి జారిపోయింది. ఇంకొకసారి వినాలనిపించింది గాని, అడిగితే అక్క మాట మార్చేస్తుందేమోనని భయం. "మరి నేనేం తెచ్చుకోను?" అంది గబగబా.

అటువైపు అక్క గొంతు సవరించుకుంది. "స్వెట్టర్లు తెచ్చుకో. చలిగా ఉంటుంది" అంది.

చిన్నది మొగుడు ఉయ్యాల ఊపు చూసినా కడుపులో తిప్పే రకం. సంచి సర్దుతున్న పెళ్ళాన్ని చూసి, "పిలిచారా?" అన్నాడు.

"మనం వెళ్దామంది."

"మనం అంటే నేను కూడానా?" పేపరు కిందకి దిగింది.

"మీరు లేరులెండి."

"అమ్మయ్య" అని పేపరు మళ్ళీ పైకి లేచింది.

అక్క ఇంటి ముందు వ్యాను సిద్ధంగా ఉంది. దాని పక్కన టీచరు, ఆవిడ కాళ్ళ దగ్గర టెంటు చుట్టిన మూట.

"టీచరు టెంటు వేసుకుంటుందట. పై బెర్తు నీదే" అంది అక్క, చిన్నదాని వంక కాకుండా వ్యాను చక్రం వంక చూస్తూ.

"ఆవిడకి గాలి చాలట్లేదు మరదలా" అన్నాడు బావ. "సముద్రం మీదనుంచి వచ్చేదంతా ఆవిడకే రాసిచ్చాం."

టీచరు నవ్వింది. చిన్నది కూడా నవ్వింది, మనస్ఫూర్తిగా. ప్రత్యర్థి తనంతట తానే టెంటు మోసుకొచ్చుకుంటే ఎవరికి నవ్వు రాదు?

పై బెర్తు చిన్నదాన్ని ఇంకా కరిగించింది. చిన్న దిండు, తలవైపు చదువుకోవడానికి దీపం, దీపం కింద గోడకి ఒక కొక్కెం. కొక్కెం అంచుకి గుడ్డ చుట్టి ఉంది. కళ్ళజోడు తగిలిస్తే గీతలు పడకుండా. ఆ గుడ్డని చిన్నది వేలితో రెండుసార్లు తడిమింది. దుకాణంలో అందరికీ అదే చెబుతుంది, కళ్ళజోడు ఎక్కడపడితే అక్కడ పెట్టకండని. అక్కకి ఆ మాట గుర్తుంది. తనకోసం కొక్కెం కొట్టించింది. ఇన్నేళ్ళ మేములన్నిటినీ చిన్నది అక్కడికక్కడే మాఫీ చేసేసింది.

దారిలోనే కొన్నిటిని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. టీచరు అలవాటుగా ముందు సీటు తలుపు తీసి ఎక్కబోయి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తగ్గి, "మీరు కూర్చోండి" అంది. చిన్నది దర్జాగా కూర్చుంది. కాసేపటికి వ్యాను నడుపుతున్న అక్క, "ఎడమా, కుడా?" అంది. చిన్నదానికి తెలిస్తేగా. ఫోనులో దారి వెతుకుతుండగానే వెనకనుంచి టీచరు గొంతు మెల్లగా, "ఎడమ" అంది. ఆ తర్వాత కూడా అంతే. అక్క ముందుకి చూస్తూ అడిగేది, జవాబు వెనకనుంచి వచ్చేది. మధ్యలో చిన్నది ముందు సీట్లో గుమ్మడికాయలా కూర్చుంది.

మొదటి దీవికి వంతెన ఉంది, వ్యాను నేరుగా పోయింది. సీజను అయిపోయింది. ఐస్‌క్రీం బండికి తాళం, బల్లల మీద ఎండుటాకులు. గట్టంతా మోకాలెత్తు గడ్డి తుప్పు రంగుకి తిరిగింది. గాలికి అది ఒక్కసారిగా వాలి లేస్తుంటే, ఏదో పెద్ద జంతువు ఒళ్ళు విరుచుకుంటున్నట్టుంది. అందంగా లేకపోతే బాగుండునని చిన్నది వచ్చేముందు చాలా ఆశపడింది. ఫొటోల్లో అలా కనిపిస్తుంది గాని, దగ్గరికి వెళ్తే కుళ్ళు వాసన, దోమలు ఉంటాయని ఇన్నాళ్ళూ తనకు తాను చెప్పుకుంది. దోమ ఒక్కటి లేదు. ఫొటోలే తక్కువ చెప్పాయి.

మర్నాడు పొద్దున సముద్రం వెనక్కి తగ్గింది. రాళ్ళ మధ్య తేలిన ఇసుక దారిన పక్క దీవికి నడిచారు. అక్కడొక చిన్న వంపు, గాలి తగలని చోటు. టీచరు కళ్ళజోడు తీసి రాతిమీద పెట్టి ఆ చలినీళ్ళలోకి దిగింది. సరే, ఆవిడ పిచ్చి ఆవిడది అనుకుంది చిన్నది. అంతలో అక్క కూడా స్వెట్టరు విప్పింది.

చిన్నప్పుడు బకెట్లో నీళ్ళు మొహం మీద పోస్తేనే కెవ్వుమనే అక్క. ఆ అక్క నడుములోతు దాకా వెళ్ళి, వెనక్కి వాలి, చేతులు చాపి నీళ్ళమీద తేలింది. ఆవిడ వీపు కింద టీచరు అరచెయ్యి ఉంది. కాసేపటికి టీచరు ఆ చెయ్యి తీసేసింది. అక్క అలాగే తేలుతోంది, ఆకాశంలోకి చూస్తూ.

"మీ అక్క ఎప్పుడో నేర్చుకుంది" అన్నాడు బావ, ఫ్లాస్కు మూత తిప్పుతూ. "నీకు చెప్పలేదా?"

అక్కకి సైకిలు వచ్చిన రోజు చిన్నదానికి తెలుసు. మొదటి పన్ను ఊడిన చోటు తెలుసు. ఈ సంగతి తెలియదు. సొంత అక్క ఎవరి చేతిమీదో తేలడం నేర్చుకుంటే ఊళ్ళో చివరిగా తెలిసింది తనకే.

టీచరు ఒడ్డుకొచ్చి తడుముకుంటూ కళ్ళజోడు తీసుకుంది. ఒక కాడ చేతిలోకి వచ్చింది, మిగతాది రాతిమీదే ఉండిపోయింది. మర ఊడి గులకరాళ్ళలో ఎక్కడో పడింది. మోకాళ్ళమీద వంగి, మొహం నేలకి ఆనించి వెతుకుతోంది ఆవిడ. అది లేకపోతే ఎదురుగా ఉన్నది మనిషో స్తంభమో తెలియదట.

చిన్నది సంచిలో బుల్లి స్క్రూడ్రైవరు ఉంది. విడి మరల డబ్బీ కూడా ఉంది. మంగళసూత్రం మరిచిపోయినా ఆ రెండూ మరవదు. అయినా వెంటనే సంచి తెరవలేదు. టీచరు పొరపాటున ఒక బుల్లి ఎండ్రకాయని మరనుకుని పట్టుకుని వదిలేదాకా ఆగింది. ఆ తర్వాత దగ్గరికి వెళ్ళి, "ఇలా ఇవ్వండి" అంది.

ఇద్దరూ రాతిమీద కూర్చున్నారు. చిన్నది ఒళ్ళో రుమాలు పరిచి పని మొదలుపెట్టింది. ఎడమవైపు వాలింది కూడా సరిచేస్తోంది, వద్దనుకుంటూనే. చేతులు మాట వినవు.

"టెంట్లో ఎక్కడ తగిలించాలో తెలియక రాత్రి నేలమీదే పెట్టానండీ, మర అప్పుడే వదులైనట్టుంది" అంది టీచరు, చూపులేనివాళ్ళు ఎక్కువ మాట్లాడినట్టు మాట్లాడుతూ. "వ్యానులో అయితే బాధ లేదు. నేను కళ్ళజోడు మీద పడుకుని విరగ్గొట్టుకుంటున్నానని మీ అక్క కొక్కెం కొట్టించింది. గుడ్డ కూడా తనే చుట్టింది."

అని ఆగిపోయింది. అన్న మాట ఆవిడ చెవికి అప్పుడే చేరింది.

మరొక్క చుట్టు తిప్పాల్సి ఉంది. చిన్నది తిప్పలేదు.

"ఆ బెర్తు మీదా?"

"ఈసారి మీదేనండి. నిజంగా. నాకు టెంటంటే ఇష్టం" అంది టీచరు. ఒకపక్క పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

చిన్నది మర బిగించి కళ్ళజోడు ఆవిడ చేతిలో పెట్టింది. టీచరు దాన్ని పెట్టుకుని, లోకం నిటారుగా కనబడి ఆశ్చర్యపోయి, ఎదురుగా ఉన్న మొహం చూసి నోరు మూసుకుంది.

వ్యాను దగ్గరికి తిరిగొచ్చాక అక్క గిన్నెలు కడుగుతోంది. చిన్నది గుడ్డ తీసుకుని తుడవడానికి నిలబడింది.

"ఆరోజు ఫోనులో మనం అన్నావు. ఎవరితో?"

అక్క చేతిలో గిన్నె ఆగింది. "టీచరు పక్కనే కూర్చుని ఉందే. ఆవిడతో అన్నాను. ఫోను చెవిదగ్గరే ఉంది."

"మరి నాతో కాదని చెప్పొచ్చుగా."

"నువ్వు వెంటనే ఏం తెచ్చుకోను అన్నావు."

"జాలిపడ్డావన్నమాట."

"జాలీ లేదు, గీలీ లేదు." అక్క నీళ్ళు విదిలించింది. "రెండేళ్ళు పిలిస్తే కుదరదన్నావు. ఈసారి పిలవకుండానే వస్తానన్నావు. నాకు సంతోషమేసి నోరు రాలేదు. నా ఫ్రెండుని గాల్లో పడుకోబెట్టి నిన్ను తెచ్చుకున్నాను, అదెందుకు కనబడదే నీకు? దుకాణంలో ఊళ్ళోవాళ్ళందరి చూపూ సరిచేస్తావు."

చిన్నది తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచింది.

సాయంత్రానికి గాలి పెరిగింది. టెంటు ఒకపక్కకి ఒరిగి లేస్తోంది. చిన్నది పై బెర్తు మీదనుంచి తన దుప్పటి కిందకి లాగి, "ఈ బెర్తు మీరు తీసుకోండి, నేను టెంట్లోకి పోతాను" అంది టీచరుతో.

"అయ్యో, వద్దండీ."

"వద్దంటే ఎలాగండీ, కొక్కెం మీది."

"మీరు అతిథి."

"నన్నెవరూ పిలవలేదండీ, నేను అతిథి కాదు."

ఈ మర్యాదలు ఎంతకీ తెగేలా లేవు. బావ దిండు చంకలో పెట్టుకుని లేచాడు. "ముగ్గురూ వ్యానులో పడి ఉండండి. టెంటు నాది. మీ అక్క గురకనుంచి విడుదల దొరుకుతుందని ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నాను" అని వెళ్ళిపోయాడు. టెంటు గాలికి ఎగరకుండా ఉండడానికి ఆయన బరువే కావలసి ఉందని తర్వాత తేలింది.

పై బెర్తు టీచరుకి పోయింది. కళ్ళజోడు కొక్కానికెక్కింది. కింది మంచం మీద, చిన్నప్పటిలాగే, అక్క మోకాళ్ళు వీపులో గుచ్చుకుంటుండగా చిన్నది పడుకుంది. మార్పిడిలో లాభం ఎవరికొచ్చిందో ఎవరూ గమనించకుండా గోడవైపు తిరిగి నవ్వుకుంది.

చిట్టచివరి దీవికి దారి లేదు, లాంచీలోనే పోవాలి. రేవులో టిక్కెట్ల గదిలో మఫ్లరు చుట్టుకున్నాయన కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎంతమందండీ?" అన్నాడు.

"మేము నలుగురం" అంది అక్క.

వెనక నిలబడ్డ చిన్నదానికి అదేమిటో చప్పున అందింది. ఇన్నాళ్ళూ మనం కోసం మొహం వాచిపోయింది గాని, మనం అనేది అంత గొప్పమాటేం కాదు. సబ్బులమ్మేవాడూ అంటాడు, ఓట్లడిగేవాడూ అంటాడు. ఎదుట ఎవరుంటే వాళ్ళని కలుపుకునే మాట. మేము అలా కాదు. దానికి బయట ఒక మనిషి కావాలి. ఈసారి ఆ మనిషి మఫ్లరాయన. తను లోపల ఉంది. టీచరు కూడా లోపలే ఉంది, అది కాస్త గుచ్చుకుంది గాని, అక్క మోకాళ్ళంత కాదు.

మఫ్లరాయన టిక్కెట్లు చింపుతూ వాళ్ళ స్వెట్టర్లనీ, ఫ్లాస్కునీ, బావ చెవిలో ఇరుక్కున్న గడ్డిపోచనీ చూశాడు. "బాగుందండీ మీ పని. నేను పొద్దస్తమానం ఇక్కడే ఉంటాను, ఒక్కసారి కూడా ఆ దీవి ఎక్కలేదు" అన్నాడు. గొంతులో ఉన్నదేమిటో చిన్నదానికి బాగా తెలుసు. ఆ రుచి ఏళ్ళుగా తెలుసు.

పాపం అనిపించింది. అయినా ముందుకి జరిగి, ఒక్కొక్క మాటా నాలుక మీద పెట్టుకుని చప్పరిస్తూ అంది:

"మేము ఏటా వస్తుంటామండీ."

బావ దగ్గాడు. అక్క మెడ తిప్పి చూసింది. టీచరు కళ్ళజోడు పైకి తోసుకుని, "అవునండీ, ఏటా వస్తాం" అంది.