అరవై దగ్గర తిరిగిపోయే లెక్కలు

మా మావగారు వరాహనరసింహంగారు బొబ్బిలి దగ్గర ముప్పై అయిదేళ్లు హెడ్మాస్టరుగా చేసి రిటైరయినవారు. యాభై ఆరులో దసరాకి ఖరగ్‌పూర్ వస్తున్నానని ఆయన కార్డు రాస్తే నా గుండెల్లో రాయి పడింది. కార్డులో రెండో వాక్యం అలాంటిది మరి. "కోటేశ్వరిని స్వయముగా పరీక్షించెదను. చదువు సక్రమముగా లేనిచో దశమి వెళ్లగానే నాతో తీసుకొనివచ్చి ఇక్కడి బడిలో వేసెదను."

కోటేశ్వరి మా పెద్దది, పదేళ్లది. ఎనిమిదో ఏట, బడిలో వేసిన కొత్తల్లోనే, టైఫాయిడ్ వచ్చి అయిదు నెలలు మంచం పట్టింది. ఆ అయిదు నెలలూ పక్కన కూర్చుని పాఠాలు నేనే చెప్పాను. జ్వరం తగ్గింది గాని నాకు దాన్ని మళ్లీ బడికి పంపబుద్ధి కాలేదు. ఇవాళ పంపుదాం, రేపు పంపుదాం అంటూ రెండేళ్లు గడిపేశాను. నిజం చెప్పొద్దూ, నాకు టీచర్ని కావాలని ఉండేది. స్కూలు ఫైనలు పాసయిన పదో రోజున పెళ్లి చేసి పంపేశారు. ఆ ముచ్చట కూతురి దగ్గర తీర్చుకున్నాను. దాని తమ్ముడు గణపతికి ఏడేళ్లు. వాడూ అక్క వెనకాలే నా బడిలో చేరిపోయాడు. మా ఆయన పేరు చెప్పకూడదంటారు గాని రాస్తే ఏమీ కాదులెండి, అచ్యుతరావుగారు. రైల్వే ఆఫీసులో గుమస్తా. ఏ విషయమైనా "నీ ఇష్టం" అనేసి పేపరు వెనక్కి వెళ్లిపోయే మనిషి.

దుర్గాపూజలకి ఊరంతా సెలవులైతే మా బడికి మాత్రం అప్పుడే చేతినిండా పని. మహాలయ వెళ్లిన మర్నాడే మొదలుపెట్టాం. ఝపటాపూర్ అవతల గుంటలోంచి బంకమట్టి తెచ్చి వసారా నిండా బొమ్మలు చేశాం. ఖరిదా బజారుకి నడిచి వెళ్లి రంగు కాగితాలు తెచ్చుకున్నాం. మైదా ఉడకబెట్టి జిగురు చేస్తే, పిల్లలు అట్టలతో స్టేషను కట్టి, అగ్గిపెట్టెలతో రైలు చేసి పట్టాల మీద నిలబెట్టారు. గణపతి దుర్గమ్మకి పది చేతులు అతకలేక ఆరింటితో సరిపెట్టి, మిగతా నాలుగూ వెనకపక్కన ఉన్నాయని దబాయించాడు. పొద్దున్నే టిఫిను తిని, పందిళ్లు కడుతున్న చోటికల్లా వెళ్లేవాళ్లం. వెళ్లిన ప్రతి చోటా ఒక్క వస్తువు చూసి గుర్తుపెట్టుకుని, ఇంటికొచ్చి దాని బొమ్మ వేసి, కింద నాలుగు ముక్కలు రాయాలి. అదీ మా పాఠం. ఆ రోజుల్లో నేను ఎంత సంతోషంగా ఉండేదాన్నో ఇప్పుడు తలుచుకుంటే నాకే అసూయగా ఉంటుంది.

మావగారు షష్ఠినాడు దిగారు. రెండు రోజులూ గొడుగు పట్టుకుని మా వెనకాలే తిరిగారు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. అష్టమి పొద్దున్న వసారాలో చాప వేయించుకుని కళ్లజోడు పెట్టుకున్నారు.

"రాయే కోటీ, కూర్చో. ఇక్కణ్ణించి మనూరెళ్లే దార్లో నదులు చెప్పు."

సువర్ణరేఖ దగ్గర ఎత్తుకుని నాగావళి దాకా చెప్పి, ఏ వంతెన మీద రైలు ఎంతసేపు చప్పుడు చేస్తుందో కూడా చెప్పింది. పద్యాలు తడుముకోకుండా అప్పజెప్పింది. ఆయన మొహం కాస్త విచ్చుకుంది. నేను గుమ్మంలో నిలబడి, గెలిచాననే అనుకున్నాను.

"నలభై అయిదూ ముప్పై కలిపితే ఎంత?"

"ఒకటీ పదిహేను" అంది, అడిగీ అడగ్గానే.

ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. "ఒక బుట్టలో నలభై అయిదు మామిడికాయలు. ఇంకో బుట్టలో ముప్పై. మొత్తం ఎన్ని?"

"అవీ ఒకటీ పదిహేనే తాతయ్యా."

"ఔను, సరిగ్గానే చెప్పినాది" అని గణపతి పక్కనుంచి సాక్ష్యం పలికాడు.

"ఒకటేటి? పదిహేనేటి?"

"ఒక గంటా పదిహేను నిమిషాలు." అది కాస్త ఆలోచించింది. "మామిడికాయలకి గంటలేటంటే నాకూ తెలీదు. కాని అరవై అయితే ఒకటి పక్కకెళ్లాలి గదా."

"వెళ్లకూడదు. తప్పు."

"ఎందుకు తప్పు తాతయ్యా? పాసింజరు పది నలభై అయిదుకి బయల్దేరి అరగంట నడిస్తే పదకొండూ పదిహేను. అది రైటయితే ఇదెలాగ తప్పయినాది?"

అరగంట వాదించింది. ఆయన తప్పన్న ప్రతిసారీ అది ఎందుకంది. చివరికి ఆయన కళ్లజోడు తీసి డబ్బాలో పెట్టి, నావైపు తిరిగి మెల్లిగా అన్నారు. "అమ్మాయీ, దాని బట్టలు సర్దు."

వంటింట్లోకి వెళ్లి గిన్నెలన్నీ చప్పుడు చేశాను. నాకు కోపం వస్తే వీధి వీధికి తెలియాలి. ముందు మావగారి మీద వచ్చింది, తర్వాత పేపరు దించని మా ఆయన మీద వచ్చింది. పప్పు కలుపుతూ ఉంటే అసలు సంగతి తట్టి గరిటె అక్కడే ఆగిపోయింది. పిల్లలకి సరదా అని రెండేళ్లుగా కూడికలన్నీ రైల్వే టైంటేబుల్‌తోనే చెప్పాను. వెయ్యి దాకా అంకెలు చదవడం, రాయడం నేర్పాను గాని, కలపడం మాత్రం ఎప్పుడూ రైళ్లతోనే. మా ఇంట్లో అణాలు పదహారు దగ్గర రూపాయయ్యేవి, అంగుళాలు పన్నెండు దగ్గర అడుగయ్యేవి, నిమిషాలు అరవై దగ్గర తిరిగిపోయేవి. వంద దాకా వెళ్లే పని ఆ పిల్లకి ఎప్పుడూ పడలేదు. చెడగొట్టింది నేనే. పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను.

ఏడ్చి, మొహం కడుక్కుని వసారాలోకి వచ్చాను. "మావగారూ, తప్పు పిల్లది కాదు. నాది. నేనే అలాగ నేర్పినాను. తీసుకెళ్తానంటే తీసుకెళ్లండి గాని, దానికి చదువు రాదని మాత్రం అనకండి. నేనేటి చెప్పితే అది నేర్చుకున్నాది."

ఆయన కళ్లజోడు డబ్బా తీసుకుని లోపలికి వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నం సుభాష్‌పల్లి పందిట్లో సంధిపూజ. మావగారూ గొడుగు పట్టుకుని మా వెంట వచ్చారు. అష్టమి వెళ్లి నవమి వచ్చే వేళకి అమ్మవారికి నూట ఎనిమిది తామరపూలు పెట్టాలి. ఒక బెంగాలీ దీదీ పూల తొట్టి ముందు కూర్చుని లెక్క పెడుతోంటే, మా పిల్లని సాయానికి కూర్చోమన్నాను. పది పది పూలు ఒక్కో కుప్ప పెట్టమన్నాను. ఆరు కుప్పలయ్యాక అది ఆగి నావైపు చూసింది.

"ఆగకు, పో" అన్నాను.

పది కుప్పలయ్యాయి. "ఇక్కడ తిరుగుతాదా అమ్మా?"

"ఇక్కడే."

మిగతా ఎనిమిదీ పెట్టేసి లేచి, తడిచేతులు గౌనుకి తుడుచుకుంటూ తాతగారి దగ్గరికి వెళ్లింది. "అయితే మీ మామిడికాయలు డెబ్బై అయిదు, తాతయ్యా. రైళ్లు అరవై దగ్గర తిరుగుతాయి, పువ్వులూ కాయలూ వంద దగ్గర. పొద్దున్నే ఈ మాట చెప్పుంటే అయిపోను గదా."

"నాకు తోచలేదే" అన్నారాయన.

తోచలేదన్నారే గాని, తీసుకెళ్లనని అనలేదు. నవమినాడు కూర్చుని దాని లంగాలు, జాకెట్లు, గౌన్లు అన్నీ ట్రంకుపెట్టెలో సర్దాను. అది తన రంగుపెన్సిళ్లు తెచ్చి పెట్టెలో పెడితే, వాటిని చూడలేక మూత వేసేశాను.

దశమినాడు తండ్రీ కొడుకూ భోజనాలకి కూర్చున్నారు. మర్నాడు పొద్దున్న రైలు. నేను వడ్డిస్తున్నాను. మావగారు సగం అన్నంలో ఆగి, "అచ్యుతం" అన్నారు. "ఏడో తరగతిలో నీకు కాలమూ పనీ లెక్క ఒకటి బోర్డు మీద వేసినాను. తప్పు చేసినావని బెంచీ ఎక్కించి కొట్టినాను. గుర్తుందా?"

"ఉంది నాన్నగారూ."

"ఇంటికొచ్చి చూసుకుంటే తప్పు నాది. లెక్కే తప్పుగా వేసినాను. నీతో చెప్పలేదు. మొన్న మీ ఆవిడ నా ఎదర నిలబడి తప్పు నాదన్నాది. ముప్పై అయిదేళ్లు బడి నడిపినాను, ఆ మాట నా నోట ఒక్కసారీ రాలేదు."

మా ఆయన తల ఎత్తకుండా అన్నం కలుపుతూనే ఉన్నారు. "నాకు అప్పుడే తెలుసు నాన్నగారూ."

"ఏటి తెలుసు?"

"లెక్క తప్పని. మీరు బోర్డు మీద వేస్తున్నప్పుడే చూసినాను."

"మరి అడగలేదేం?"

"భయమేసింది."

వసారాలోంచి అక్కా తమ్ముడూ అగ్గిపెట్టెల రైలు గురించి దెబ్బలాడుకోవడం వినిపిస్తోంది. మావగారు అటు తిరిగి విన్నారు.

"అమ్మాయీ, దాని బట్టలు పెట్టెలోంచి తీసెయ్యి" అన్నారు. "నాతో అరగంట వాదించినాది. తీసుకెళ్లి బడిలో వేస్తే లెక్కలతో పాటు భయం కూడా నేర్చుకుంటాది."

నేను మజ్జిగ గిన్నె అక్కడే దించేసి వెళ్లి పెట్టె తెరిచాను. కళ్లకి ఏమీ కనపడలేదు గాని, లంగా ఏదో గౌను ఏదో చేతికే తెలిసింది.